బహుళం

ఈసాఫ్యోర్దుర్ రేవులో చేపల కార్ఖానా, పై అంతస్తు.
జనవరి. పగలు పదకొండైనా కిటికీలో ఇంకా వీధి దీపాలే.
స్టెయ్నున్ మూడోసారి కమాండ్ కొట్టింది.
మూడోసారీ అదే జవాబు:
కంపైలర్ కనబడలేదు.

కింద బెల్టు మీద కాడ్ చేపలు పోతున్నాయి,
ఒక్కోటీ తూకపు పళ్లెం మీద అరక్షణం ఆగి
ఎడమకో కుడికో ఒరిగిపోతూ.
ఎటు ఒరగాలో చెప్పే భాష
ఈ ఒక్క కార్ఖానాలోనే ఉంది.
హల్వర్దుర్ అనే మెకానిక్కు
ముప్పయ్యేళ్ల కిందట తన అవసరానికి తనే చేసుకున్నాడు.
పుస్తకం రాయలేదు. ఒకరికి నేర్పలేదు.
పోయిన సెప్టెంబర్లో పోయాడు.

ఎడిటర్‌కి ఆ భాష రాదు.
పదకొండు వేల వరసలూ దానికి ఒకటే బూడిదరంగు,
ఏది ఎవరి బండో తెలియకుండా
మంచు కప్పేసిన పార్కింగు.

అందుకని నెల్లాళ్లుగా ఆమె వ్యాకరణం రాస్తోంది.
షరతు అంటే ఇదీ,
'అయితే' తర్వాత తూకం రావాలి,
తూకం వెనక ద్వారం.
రాసింది సి భాషలోకి దించాలి.
దించింది లైబ్రరీగా కట్టాలి.
కట్టింది ఎడిటర్ వెతికే గూట్లోనే పెట్టాలి,
పక్క గూట్లో పెడితే లేనట్టే.
పేరులో ఒక్క గీత తేడా వచ్చినా
గుమ్మంలో నిలబెట్టి, తమరెవరు, అంటుంది.

మధ్యాహ్నానికి కంపైలర్ దొరికింది.
ఇప్పుడు వెర్షన్ పేచీ.
లైబ్రరీ పదిహేనులో మాట్లాడుతోంది,
ఎడిటర్‌కి పద్నాలుగు దాకానే చెవులు.
ఒక మెట్టు దిగి మళ్లీ కట్టింది.
కాఫీ మీద తెట్టు కట్టింది.

రంగులు వచ్చాయి!
అంకెలు నారింజ, ద్వారాలు నీలం,
షరతులకి నాచు పచ్చ.
ఆమె కుర్చీలో వెనక్కి వాలింది,
ఇన్నాళ్లూ గొణుగుడుగా విన్న మనిషి
ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నట్టయింది.

ఒక్కచోట మాత్రం ఎర్రగీత.
ఆరువేల రెండొందల నాలుగో వరస.

ఈ రకం వ్యాకరణానికి ఒక గుణం ఉంది,
తప్పు తగిలితే చేతులెత్తెయ్యదు.
అక్కడో ముడి వేసి, ఇది నాకు తెలీదని రాసుకుని,
చెట్టు మిగతా కొమ్మలు కట్టుకుంటూ పోతుంది.
ఆ ముడిలో ఉన్నది ఇంతే:

ఏడో ద్వారం. కాడ్ అయితే నాలుగు కిలోలు.
గాలి ఉంటే కాస్త తక్కువ.

వ్యాఖ్య అయుంటే ముందు చుక్క ఉండాలి. లేదు.
ఆజ్ఞ అయుంటే అంకె ఉండాలి. అదీ లేదు.
చెరిపేద్దామని వేలు మీట మీదికి పోయింది.

అప్పుడే బోగ్న పైకి వచ్చింది,
పోలండ్ మనిషి, తొడుగులు కూడా తియ్యలేదు.
"ఏడు దగ్గర తియ్యకు.
తుఫానుకి ఈ కట్టడం ఊగుతుంది,
చేప ఉన్నదానికన్నా బరువు తూగుతుంది.
ముసలాయన రోజూ వచ్చి
ఆ ఇనప స్తంభం మీద చెయ్యి పెట్టి చూసేవాడు."

స్టెయ్నున్ పాత ప్రోగ్రాం అడుగుదాకా తవ్వింది.
ఉంది. ఎక్కడో మూల.
కాస్త అంటే ఎనభై గ్రాములు.
యంత్రానికి ముప్పయ్యేళ్లుగా తెలుసు.
తెలియనిది ఆమె రాసిన వ్యాకరణానికే.

నేనిది రాస్తున్న భాషలో
పాత వైయాకరణులు సూత్రం చివర ఒక మాట ఉంచేవాళ్లు, బహుళం అని.
ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు,
ఒకచోట నీ ఇష్టం,
ఒకచోట అసలు వేరే ఏదో అవుతుంది.
బడిలో దాన్ని చూసి నవ్వుకున్నాను,
పంతులుగారు తప్పించుకుంటున్నాడనుకుని.

స్టెయ్నున్‌కి ఆ మాట తెలీదు.
తూకం అనే సూత్రం కింద
ఇంకో వరస చేర్చింది: అంకె, లేదా కాస్త.
మళ్లీ దించింది, కట్టింది, గూట్లో పెట్టింది.
ఎర్రగీత పోయింది.

దానికి ఏ రంగు ఇవ్వాలో మాత్రం తోచలేదు.
నారింజ కాదు, అది అంకె కాదుగా.
సాయంత్రం దాకా చూసి అలాగే వదిలేసింది.
అన్ని రంగుల మధ్య
ఆ ఒక్క మాట ఇంకా బూడిదగానే ఉంది.

మెట్లు దిగుతూ బోగ్న
తొడుగు విప్పి స్తంభం మీద అరచెయ్యి ఆనించింది.
"లేస్తోంది," అంది.